పంపు మావయ్య చూపించిన నీళ్ళు

మా పక్కింటి పంపు మావయ్య పోయారు. వైశాఖంలో ఒక మంగళవారం పొద్దున, సరిగ్గా కుళాయి వచ్చే వేళకి. గోడ అవతల నించి అత్తయ్య నన్ను పిలిచి చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "నీళ్ళొచ్చినాయని సెప్పినానమ్మా. అయినా కళ్ళిప్పనేదు." ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని నిద్ర లేపడానికి ఆవిడ వాడింది ఆ ఒక్క మాటే. చెయ్యి పట్టుకుని చూడకముందే ఆవిడకి సంగతి అర్థమైపోయింది.

పంపు మావయ్య ఎవరో ఖరగ్‌పూర్ మలంచాలో మా వీధి వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెప్తున్నాను. రైల్వే నీటి సరఫరాలో ఫిట్టరుగా చేరి, ఆ పైపుల మధ్యే జుట్టు నెరిసి రిటైరైన మనిషి. నాకు చుట్టం కాదు, పక్కిల్లు, అంతే. ఖరగ్‌పూర్‌లో పక్కింటి తెలుగువాళ్ళు రెండేళ్ళలో మావయ్యో బాబాయో అయిపోతారు. తాతలు శ్రీకాకుళం నించి వర్క్‌షాపు పనికి వచ్చారట. ఆ ఊరికి ఏ బస్సెక్కాలో ఆయనకి తెలీదు. మన కుళాయిలోకి నీళ్ళు ఎటు నించి వస్తున్నాయి, వాడిన నీళ్ళు ఎటు పోతున్నాయి అని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పులేసుకుని బయల్దేరేవారు.

రిటైరయ్యాక ఆ బయల్దేరడమే ఆయన పని అయింది. నెలకో ఆదివారం పొద్దున్నే వచ్చినవాళ్ళందరినీ వెంటబెట్టుకుని, కుళాయి దగ్గర మొదలుపెట్టి నది దాకా తీసుకెళ్ళేవారు. దానికి ఆయన పెట్టిన పేరు 'లైను'. ఉద్యోగంలో పైపుల వెంట నడిచి లీకులు వెతకడాన్ని లైను చూడటం అంటారు, అదే పేరు. బడి పిల్లలు, వాళ్ళ టీచర్లు, గోల్‌బజార్‌లో బట్టల కొట్టున్న బెంగాలీ దాదా, పొద్దుపోని రిటైర్డు గుమస్తాలు, ఎవరొచ్చినా సరే. ముందు ఎవరైనా నడవచ్చు. ఆయన మాత్రం పచ్చజెండా పట్టుకుని అందరికంటే చివర నడిచేవారు. అది ఊపితేనే బండి కదలాలి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు చెట్టు కింద కూర్చుంటే ముందున్న పిల్లలు ఎంత గోల పెట్టినా జెండా లేచేది కాదు.

నేను మొదటిసారి లైనుకి వెళ్ళింది ఇష్టపడి కాదు. మా ఇంట్లో కుళాయి సన్నగా వస్తోందని ఆయన దగ్గర గొణిగాను. "ఆదివారం రా, ఎందుకు సన్నగొస్తందో సూపిస్తాను" అన్నారు. ఆ రోజు ఒక ఇనప ఊచ తెచ్చి, ఒక కొస పైపు మీద, రెండో కొస నా చెవికి ఆనించారు. లోపల బుసబుసమని చప్పుడు. లీకు మా గేటు ముందే ఉంది. దాని పక్కనే మా అరటిచెట్టు. ఆ ఏపుకి నా చేతి చలవే కారణమని అప్పటిదాకా వీధంతా చెప్పుకుని మురిసిపోయాను. ఇరవైమంది ముందు పరువు పోయింది. ఆయన మాత్రం నవ్వకుండా, "అరటిగెల దించినప్పుడు సగం రైల్వేకి పంపమ్మా" అన్నారు.

లైనులో చివరి మజిలీ నది. మేదినీపూర్ వైపు లోకల్ ఎక్కి వెళ్ళి, కాంసాయి ఒడ్డున దిగేవాళ్ళం. అక్కడ మావయ్య పెద్దగా మాట్లాడేవారు కాదు. ఇసుక తవ్వేసిన గోతులు చూపించి, "ఇదీ మన టేంకు" అనేవారు. ఆయన మాటలన్నీ అంతకు ముందు మజిలీ దగ్గరే అయిపోయేవి. అది మా వీధి వెనకాల ఉన్న ఖాల్. కాలవని బెంగాలీలో ఖాల్ అంటారు, మేమూ అలాగే అంటాం. వానాకాలం ఈ చుట్టుపక్కల నీరంతా దాని గుండానే పోవాలి. గుర్రపుడెక్క అల్లుకుపోయి, పాలిథిన్ సంచులు నిండి, అది పోవడం మానేసి చాలా ఏళ్ళయింది. "నీరు పల్లమెరుగునంతారు కదా. మనిసికీ పల్లం తెలుసు. కనిపిస్తే సాలు, మట్టేసి కప్పీయాలనుకుంతాడు" అనేవారు.

ఆ ఖాల్‌ని మనమే తవ్వుదాం అన్నది ఆయనే. మొదటి ఏడు చేసిన పని చెప్తే మీరు నవ్వుతారు. తవ్వినవాళ్ళలో ముప్పాతికమంది రైల్వేవాళ్ళు. తీసిన బురదని రెండు గట్ల మీదా రైలు కట్ట వేసినట్టు ఎత్తుగా, నిటారుగా, ముచ్చటగా పేర్చారు. తాడు కట్టి మరీ వరస చూసుకున్నారు. మొదటి పెద్ద వానకి ఆ కట్ట కట్టంతా జారి మళ్ళీ ఖాల్‌లోకే వచ్చి కూర్చుంది. మావయ్య గొడుగు కింద నిలబడి చాలాసేపు చూశారు. "మనం కట్టలే కట్టినాం గానీ కాలవలెప్పుడు తవ్వినాం? టీక్ హై. వొచ్చే ఏడు బురద ఇంటికి మోసుకుపోదాం" అన్నారు.

మరుసటేడు నిజంగానే మోసుకుపోయాం. ప్రతి ఇంటి పెరట్లోనూ ఖాల్ బురదే. ఆ ఆషాఢంలో నీళ్ళు కదిలాయి. దాదా చేతిలో ఉన్న ముడీ పొట్లం లాక్కుని, గుప్పెడు మరమరాలు నీళ్ళలో వేసి, మావయ్య వాటి పక్కనే నడవడం మొదలుపెట్టారు. అవి వంపు తిరిగి కనబడకుండా పోయేదాకా నడిచారు. జెండా సంగతి మర్చిపోయి అందరికంటే ముందు నడిచింది ఆ ఒక్కరోజే. అంత సంతోషం నేను మా ఇంట్లో పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట మాత్రం మిగిలింది. అదే నెలలో ఖాల్ వెనక పొలాలు ప్లాట్లయ్యాయి. లారీలతో ఎర్రమట్టి తెచ్చి ఖాల్‌లో పొయ్యడం మొదలైంది. దాదా, నేను అర్జీ రాసుకుని తిరిగాం. ఒక ఆఫీసులో ఇది మా కిందికి రాదన్నారు. ఎవరి కిందికి వస్తుందో వాళ్ళు కాగితంలో అది కాలవే కాదన్నారు. మట్టి పోసేవాడిని అడిగితే, "దీదీ, నేను లారీ నడుపుతానంతే" అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే. మేం తిరుగుతూనే ఉన్నాం, లారీలూ తిరుగుతూనే ఉన్నాయి. వాన పడే నాటికి అక్కడ ఖాల్ లేదు.

మొదటి వానకి మావయ్య అడిగారు. "ఖాల్‌లో నీళ్ళు కదుల్తన్నాయేటి?"

నేను "కదుల్తున్నాయి మావయ్యా" అన్నాను. బాగున్న ఎడమ చెంప మీద నవ్వు వచ్చింది. దాన్ని తుడిచెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

ఒక్క అబద్ధంతో పోతుందా? వారం వారం అడిగేవారు. ఎంత వేగంగా? ఏ రంగు? చేపపిల్లలొచ్చినాయా? నేను చేపపిల్లల్ని తెచ్చాను. లకుముకిపిట్టని తెచ్చాను. వంపు దగ్గర సుడి తిరుగుతోందని కూడా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. చూడటానికొచ్చిన ప్రతివాళ్ళకీ, "మన ఖాల్ పార్తంది, మా కోడలు సూసొచ్చింది" అని చెప్పేవారు. దాదాకి అంతా తెలుసు. ఒకసారి గుమ్మం బయట నన్ను ఆపి, "ఇంకా ఎన్నాళ్ళు చెప్తారు దీదీ?" అని బెంగాలీలో మెల్లిగా అడిగాడు. "మీరు చెప్పండి మరి" అన్నాను. అతనూ లోపలికెళ్ళి కూర్చుని, టీ తాగి వచ్చేశాడు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా వీధిలో నిజం నాకూ దాదాకీ కూడా తెలుసు. తెలిసి ఏం చేశాం?

ఆయనకి ఒక్కతే కూతురు, టాటానగర్‌లో ఉంటుంది. కొడుకు చెయ్యాల్సినవన్నీ తనే చేసింది. మూడో రోజు అస్థికల కుండ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"వొదినా, నాన్న మరీ మరీ సెప్పినాడు. గంగకీ వొద్దు, గోదారికీ వొద్దు, మన ఖాల్‌లో వొదిలీమన్నాడు. నీళ్ళు కదుల్తన్నాయంట కదా. తోవ సూపించు."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను. చెప్పులెక్కడున్నాయో వెతికాను. దాదాకి ఫోన్ చేశాను. ముగ్గురం వీధి చివరికి నడిచాం. అమ్మాయి ముందు, మేమిద్దరం వెనక. ఇళ్ళు అయిపోయాయి. చదునుగా ఎర్రమట్టి, దాని మీద సున్నం గీతలు, అక్కడక్కడ పాతిన రాళ్ళు.

"ఏదొదినా?"

"ఇదే."

తను చుట్టూ చూసింది. తర్వాత కాళ్ళ కింద చూసింది. "నాన్నకి తెలుసా?"

"లేదమ్మా. నేను చెప్పలేకపోయాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కుండని ఇంకాస్త దగ్గరికి హత్తుకుని, చిన్నపిల్లలా అడిగింది. "మరిప్పుడు మా నాన్నని ఎక్కడ వొదలాలి?"

దాదా వెళ్ళి ఆటో తెచ్చాడు.

వైశాఖంలో కాంసాయి ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకి తెలుసు. ఒడ్డు నించి చాలా దూరం ఇసుకలో నడిచి వెళ్ళాం. చివరికి ఒక పాయ దొరికింది, మడమలు మునిగేంత. అమ్మాయి వంగి కుండ వంచింది. బూడిద నీళ్ళ మీద పరుచుకుని, ఎక్కడ పడిందో అక్కడే నిలిచింది. మేం చూస్తూ నిలబడ్డాం. గాలి లేదు. బూడిద మా పాదాల చుట్టూ చేరింది, అంతే.

కొంతసేపటికి అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులతో నీళ్ళని ముందుకు తొయ్యడం మొదలుపెట్టింది. దాదా ప్యాంటు మడిచి పక్కన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ముగ్గురం తోశాం. బూడిద ఒక గజం దూరం వెళ్ళింది. చేతులు తీస్తే ఆగింది. మళ్ళీ తోశాం.