లాడ్జి మెట్ల డైలాగు

ఈ మధ్య ప్రతి సినిమానీ మొదటి రోజు మ్యాట్నీకల్లా కల్ట్ అనేస్తున్నారు. వింటే ఒళ్ళు మండుతుంది. కల్ట్ అంటే ఏమిటో నన్నడగండి. ఒక ఫ్లాప్ సినిమా నన్ను చచ్చేంత భయపెట్టి మరీ నేర్పింది.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. పద్మారావు నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. నాన్న బళ్ళో లెక్కల టీచరు, మా చర్చిలో సంఘపెద్ద. సినిమాకెళ్ళాడని ఒక యువకుణ్ణి క్వయర్‌లోంచి తీయించింది ఆయనే. "హాలు గుమ్మం తొక్కావని తెలిసిందో, ఆ రోజే కాలేజీ మానిపించేస్తాను" అని అమ్మ ముందే నాతో చెప్పారు. అన్నంత పనీ చేసే మనిషి. నాకేమో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం చెయ్యాలన్నదే ప్రాణం.

ఆ సినిమా విడుదలైనప్పుడు వారం కూడా ఆడలేదట. ఏడాది తిరిగాక సికింద్రాబాద్‌లో ఒక పాత హాల్లో మార్నింగ్ షో వేస్తే జనం విరగబడ్డారు. క్లాసులో నా పక్కన కూర్చునే ముస్లిం అమ్మాయి అప్పటికే నాలుగుసార్లు చూసింది.

"ఒక్కసారి సూడవే. గింత పరేషాన్ ఎందుకు? మీ నాయన బళ్లె ఉంటడు గద!" అంది.

వెళ్ళాను. బుద్ధి గడ్డి తిని వెళ్ళాను.

చున్నీ ముఖమ్మీదికి లాక్కుని కూర్చున్నాను. ఎవరు దగ్గినా దాన్ని ఇంకాస్త కిందికి లాక్కునేదాన్ని. తెర మీద హీరో లాడ్జికొచ్చి రూము అడిగాడు. గుమాస్తా నోరు తెరవకముందే సగం హాలు అరిచింది: "రూముంటే నేనెందుకు మెట్ల మీద పడుకుంటాను?" మిగతా సగం బదులిచ్చింది: "అయితే జరుగు. ఆ మెట్టే నాకూ చాలు!"

అందులో అంత గొప్పేముందో నాకిప్పటికీ తెలియదు. కానీ వారాల తరబడి అన్నం తింటున్నా, జడేసుకుంటున్నా లోపల అదే మాట. ఆ మొదటి ముక్క ఊళ్ళో పోస్టర్ల మీదా ఉండేది, వింటే ఏ సినిమాదో ఎవరికైనా తెలిసిపోతుంది. ఎక్కడ పైకి అనేస్తానోనని ఇంట్లో నోరు విప్పడానికే భయపడేదాన్ని.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక చర్చిలో నాటకం. నాది సత్రం యజమాని వేషం. యేసు పుట్టే రాత్రి మరియ, యోసేపు వచ్చి గది అడిగితే "ఇక్కడ స్థలం లేదు" అని పంపించెయ్యాలి. మూడంటే మూడు మాటలు. ముందు వరసలో పాస్టరుగారి పక్కన నాన్న. ఆడవాళ్ళ వైపు అమ్మ. వాళ్ళని చూడగానే మూడు మాటలూ మాయమయ్యాయి.

"గది ఉందా అయ్యా?" అన్నాడు యోసేపు.

"రూముంటే నేనెందుకు మెట్ల మీద పడుకుంటాను?"

అయిపోయింది, నా చదువు అయిపోయింది అనుకున్నాను. అంతలో ముందు వరసలోంచి ఒక గొంతు, ఆపుకోలేక వచ్చినట్టు వచ్చింది.

"అయితే జరుగు. ఆ మెట్టే నాకూ చాలు."

నాన్న! అనేసి చేత్తో నోరు మూసుకున్నారు. పాస్టరుగారు తల తిప్పి ఆయన వంక చూశారు. అమ్మ కూడా చూసింది. అదీ కల్ట్ అంటే. సగం మాట చెవిన పడితే, పరువు పోతుందని తెలిసినా మిగతా సగం అనకుండా ఉండలేకపోవడం.

అమ్మ మాకంటే ముందు ఇంటికెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. నేను గుమ్మం ముందు మెట్టు మీద కూలబడ్డాను. నాన్న తలుపు తట్టబోయి చెయ్యి దించేశారు. ఆయన జంకడం నా జన్మలో మొదటిసారి చూశాను.

"నాన్నా, నా కాలేజీ..." అన్నాను.

"ముందు మీ అమ్మ తలుపు తియ్యనీ" అన్నారు.

వెనక్కి తిరిగి నా మెట్టు దగ్గరికొచ్చారు. తర్వాత నా వంక చూడకుండా, చిన్న గొంతుతో, "జరుగు" అన్నారు.