నా ముగ్గులో జీపు ఆయిలు

ఆ రోజుల్లో ఇంట్లో ఏది చెడిపోయినా కారణం వెతుక్కునే శ్రమ ఎవరికీ ఉండేది కాదు. కొత్త కోడలు ఉండేది కదా! పాలు విరిగినా, కుళాయి ఆగినా, సాయంత్రం కాగానే వీధంతా కరెంటు పోయినా (ఆ కాలంలో కలకత్తాలో కరెంటు ఉండడమే వింత, పోవడం వింత కాదు) మా అత్త చూపు ముందుగా నా పాదాల మీదికే వెళ్లేది. ఏ పాదం ముందు పెట్టి గడప దాటానో ఆవిడకు చివరిదాకా అనుమానమే. ఇన్నేళ్లయింది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుందా అని అడుగుతారు. నాకు ముందు కోపమే వస్తుంది. నవ్వు దాని వెనకాల తీరిగ్గా వస్తుంది. అక్షరాలు కూడబలుక్కునే మనిషిని కనుక నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. కోపంగా చెప్పినచోట కోపంగానే రాయమన్నాను, మెత్తబరిచావో ఊరుకోనన్నాను.

మాది వాట్‌గంజ్, ఓడల రేవు పక్క సందు. సందులో సగం ఇళ్లు మా శ్రీకాకుళం వైపు వాళ్లవే. మగవాళ్లంతా రేవులో మోతపనికి పోయేవారు. మా ఆయనదీ అదే పని, కానీ బస్తాలు మోసే ఆ వీపు మీద బండి పిచ్చి కూడా ఒకటి ఎక్కి కూర్చుంది. మిలటరీ వాళ్లు వాడి వాడి వదిలేసిన జీపొకదాన్ని వేలంలో పాడుకుని తెచ్చాడు. వానాకాలంలో కానింగ్ వైపు బురదదారుల్లో మామూలు కార్లు దిగబడిపోతాయట, ఈ జీపు మాత్రం నాలుగు చక్రాలతోనూ లాగి బయటపడుతుందట, అక్కడి గుత్తేదారులు బాడుగకు ఎగబడతారట. అన్నీ "అట"లే. జీపు వచ్చిన వారంలోనే నేనూ కాపురానికి వచ్చాను. మా అత్త ఇద్దరికీ కలిపే హారతి ఇచ్చింది. జీపు దగ్గరికి వచ్చేసరికి ఇంకో కర్పూరం బిళ్ల వేసింది, అది నా కంట పడింది. ఆ పైన దిష్టి తగలకుండా ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు పసుపుగుడ్డలో మూటగట్టి, బయట వేలాడదీస్తే ఎవరైనా లాక్కుపోతారని, బానెట్టు ఎత్తించి లోపలెక్కడో తన చేత్తోనే కట్టింది. నాకు మాత్రం ఏ మూటా కట్టలేదు.

మా గుమ్మం ముందు జాగా ఒక చాప పట్టేంత. ఆ జాగాలోనే జీపు మూతి నిలవాలి, ఆ జాగాలోనే నేను ముగ్గు పెట్టాలి. పొద్దున్నే జీపు కిందికి సగం దూరి, బియ్యప్పిండితో చుక్కలు పెట్టి కలిపి, నడుం పట్టుకుని లేచేలోపు టప్‌మని ఒక నల్లటి బొట్టు సరిగ్గా ముగ్గు నడిమధ్యన పడేది. దాని పక్కన ఇంకొకటి. కాసేపటికి నేను వేసిన పద్మం కాస్తా ఎవరో తొక్కి పోయిన బొగ్గుకుప్పలా తయారయ్యేది.

"ఓలమ్మో! ముగ్గులో నల్లసుక్కలేటే? మా ఇంటావంటా నేదు ఈ సోద్యం," అని మా అత్త గుమ్మంలోంచే అరిచేది.

"జీపు కింద ఎట్టినాను గదత్తా. ఆయిలు కారతన్నాది."

"మరదే నానూ అంతన్నాను. నువ్వొచ్చినకాడి నుంచే గదా కారతన్నాది!"

"నానొచ్చినప్పుడే జీపూ వచ్చింది గదా. జీపొచ్చినకాడి నుంచి నాకు కన్నీల్లు కారతన్నాయని నానంటే?"

"సూడు సూడు, నోరు సూడు దీనికి!"

ఇది రోజూ పొద్దుటి పూజ. దాని తర్వాతే టీ.

జీపు బాగు చేయడానికి పక్క సందు మిస్త్రీ వచ్చేవాడు. మోచేతుల దాకా ఎప్పుడూ గ్రీజే కనుక అందరం ఆయనను నల్లచేతుల చాచా అనేవాళ్లం. మా మధ్య ఉండి ఉండి మా తెలుగు కూడా పట్టేశాడు. మంచివాడు, పనిలో లోపం లేదు. ముందు వైపు కారుతోందని అక్కడ సీలు మార్చాడు. మర్నాడు వెనక వైపు కారింది. వెనక మార్చాడు. పైమూత కింద నుంచి ఊరడం మొదలైంది. మూత విప్పి కొత్త ప్యాకింగు వేసి బిగిస్తే, మళ్లీ ముందు వైపే కారింది. "అరే బేటీ, ఇంజన్ మంచిది, పూరా మంచిది. ఆయిలెందుకు బయటికొస్తాదో నాకే సమజ్ అవదు," అని నల్లచేతులతో నెత్తి గోక్కునేవాడు.

ఎదురుగా చాయ్ దుకాణం. అక్కడి దాదాలు, అంటే బెంగాలీ పెద్దమనుషులు, పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేవారు. ఏ దేశంలో ఏ ప్రభుత్వం ఎందుకు కూలిందో మట్టికప్పు చల్లారేలోపు తేల్చేసేవారు గానీ, మా జీపు సంగతి మాత్రం తేలలేదు. ఒకాయన పిస్టన్ రింగులే అనేవాడు. ఇంకొకాయన "నా నా దాదా, కాదు కాదు, ప్యాకింగ్!" అని కప్పు బల్ల మీద కొట్టేవాడు. మూడో ఆయన అసలు తప్పంతా జీపును అమ్మిన ప్రభుత్వానిదే అని ఉపన్యాసం ఎత్తుకునేవాడు. ఇంతమంది ఇన్ని చెబుతున్నా మా అత్త వాళ్ల దగ్గరికే పోయి, సగం తెలుగు సగం బంగ్లాలో, తన కోడలి కాలు సంగతి కూడా సభ ముందు పెట్టి వచ్చింది. సభ దాన్నీ శ్రద్ధగా ఆలోచించింది! నేను నీళ్లకు పోతుంటే ఒక్కసారిగా మాటలు ఆపి, నా ముఖం కాదు, నా పాదాలు చూశారు. ఆ రోజు బిందె వాళ్ల నెత్తిన దింపకుండా వచ్చానంటే అది నా మంచితనమే.

చివరికి ఏమైందంటే, జీపుకు సీళ్లు మార్చారు, ప్యాకింగు మార్చారు, బోల్టులు మార్చారు. ఇక మార్చడానికి కోడలు ఒక్కతే మిగిలింది.

"దసరా ఎల్లేదాకా మీ అమ్మకాడ ఉండు. జీపు కారడం ఆగినాక కబురెడతాం," అంది మా అత్త. టికియాపారాలో రైల్వే పని చేసే మా చినమావ హౌరాలో బండి ఎక్కిస్తాడట. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన జీపు వైపు చూశాడు.

"మావా, జీపు కారితే నాను బండెక్కాలేటి?"

"అమ్మ సెప్పింది గదే. నాలుగు దినాలే గదా."

నాలుగు దినాలు! మా వైపు కాలు మంచిది కాదని పుట్టింటికి పంపిన పిల్లకు కబురు రావడమంటే మాటలా? నేను రైలు దిగేసరికే ఊరంతా ఆ మాట తెలిసిపోతుంది. పొరుగింటి వాళ్లు శుభకార్యానికి పిలవడం మానేస్తారు. మా అమ్మ తల ఎత్తుకోలేదు. ఆపైన ఆ పాత ఇనుము కారడం ఎప్పుడాగాలి, నాకు కబురెప్పుడు రావాలి? నా రేకుపెట్టెలో చీరలు సర్ది, మా అత్త తన చేత్తోనే తాడు బిగించి గుమ్మం పక్కన పెట్టింది. సాయంత్రమే బండి.

ఆ పొద్దున్న కూడా నేను ముగ్గు పెట్టాను. ఎందుకు పెట్టానంటే, నేను పోయాక ఆ గుమ్మం ఎంత బోసిగా ఉంటుందో వాళ్లకు తెలిసిరావాలని. పెద్దది పెట్టాను, అంచులు కూడా తిప్పాను. లేచి నిలబడ్డానో లేదో టప్‌మంది. నా కళ్లకు ఇంకేమీ కనపడలేదు. ముందు రోజు చాచా కిరసనాయిలుతో ఇంజను కడిగి, ఆరాలని బానెట్టు తెరిచే వదిలాడు. చేతిలో ఉన్న పిండిగిన్నె మొత్తం ఎత్తి ఆ ఇంజను మీద బోర్లించేశాను. "తినవే తిను! ముగ్గు కావాలేటి నీకు? ఇదిగో, కడుపు నిండా తిను!" అని సందంతా వినపడేలా అరిచాను. పిండి పొగలా లేచి, ఇంజను మీద దిగి, నల్లటి ఇంజను కాస్తా పౌడరు అద్దుకున్న పెళ్లికొడుకులా కూర్చుంది.

మా ఆయన గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అప్పుడే వస్తున్న చాచా దూరం నుంచే చేతులు ఊపాడు. "తుడవకు, తుడవకు! బండి స్టార్ట్ చెయ్యి. పిండి ఎక్కడ తడిస్తే అక్కడే లీకు. బేటీ మంచి పని చేసింది!" నేను మంచి పని చేయడానికి చేయలేదు, ఒళ్లు మండి చేశాను. అయినా ఆ ఇంట్లో అప్పటికి నాకు దొరికిన మంచిమాట అదొక్కటే కనుక వద్దనలేదు.

ఇంజను గుర్రుమంది. దాదాలు మట్టికప్పులతో సహా రోడ్డు దాటి వచ్చారు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. అందరం వంగి చూస్తున్నాం. పిండి ముందు వైపు తడిసింది. వెనక వైపూ తడిసింది. మూత చుట్టూ కూడా తడిసింది. ఒక్కచోట కాదు, మనిషికి చెమట పట్టినట్టు అన్నిచోట్లా ఒకేసారి.

"ఇది లీకు కాదు," అన్నాడు చాచా. "లోపల గాలి దారి దొరక్క ఆయిలును తోసేస్తోంది. కానీ గాలికి దారి ఉందే, గొట్టం ఉందే..."

అప్పుడే నాకు ఆ పక్కన ఏదో కదలడం కనిపించింది. "అదేటది? కప్ప గొంతులాగ ఉబ్బుతన్నాది!" అన్నాను.

అందరూ చూశారు. ఇంజను పక్కనుంచి కిందికి వంగిన సన్నటి గొట్టం. దాని చివర, ఆయిలు తాగి జిడ్డు కట్టిన మూట. ఉబ్బుతోంది, తగ్గుతోంది, ఉబ్బుతోంది. జిడ్డు కింద అక్కడక్కడ పసుపురంగు ఇంకా తెలుస్తూనే ఉంది.

చాచా నుదురు కొట్టుకున్నాడు. "అల్లా! ఇంజను ముక్కు మూసేశారు! పూజాసామాను అని నేనెప్పుడూ ముట్టుకోలేదు, తప్పించి తప్పించి పని చేశాను. గొట్టానికి కట్టారనుకున్నా గానీ, గొట్టం నోరు మూట లోపల పెట్టి కట్టారనుకోలేదు!" మా ఆయనకూ మూట సంగతి తెలుసు. అమ్మ కట్టిన మూట మీద చెయ్యి వేస్తాడా? ఇంజను మొత్తం విప్పారు, బిగించారు, ఆ మూట మాత్రం దేవుడి గదిలా వదిలేశారు!

మరి ఇప్పుడు విప్పేదెవరు? చాచా రెండడుగులు వెనక్కి వేశాడు. మా ఆయన చక్రంలో గాలి చూస్తున్నాడు. దాదాలు ఖాళీ కప్పుల్లో టీ వెతుక్కుంటున్నారు. నన్ను అనడానికి సందులో ఇన్ని నోళ్లున్నాయా, ఆవిడను అనడానికి ఒక్కటీ తెరుచుకోలేదు. "నా కాలెలాగూ మంచిది కాదు గదా, సెయ్యేటో సూద్దారి," అని నేనే ఇంజను ఆపించి, వంగి, ముడి విప్పాను. ఎలుకను తొక్కినట్టు కుయ్‌మంటూ గాలి వదిలింది. చాచా తుడిచి, మళ్లీ పిండి చల్లి, మళ్లీ స్టార్ట్ చేయించాడు. పిండి తెల్లగానే ఉంది. ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది.

మూట తీసుకెళ్లి మా అత్త ముందు పట్టుకున్నాను. "ఇదెవరి సెయ్యత్తా?"

ఆవిడ మూటను అటూ ఇటూ తిప్పింది, వాసన చూసింది, ముడి తడిమి చూసింది. సిగ్గుపడుతుందనుకుంటున్నారేమో! "సూసినావా ఎంత గట్టిగా కట్టినానో! గాలే దూరనేదు, ఇంక దిష్టెలా దూరతాది?" అంది. దాదాలు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంత జరిగాక కూడా గెలుపు ఆవిడదేనా అని నిలువెల్లా మండిపోయింది.

ఆవిడ లోపలికి పోయింది. గుమ్మం పక్కన కూర్చుని నా రేకుపెట్టె తాడు విప్పింది. గట్టి ముడి కదా, పంటితో కూడా లాగింది. ఆ తాడు తెచ్చి, మూటతో కలిపి నా చేతిలో పెట్టింది. నా ముఖం చూడకుండా బంపరు వైపు చూస్తూ అంది: "ఇదిగో, ఈపాలి నువ్వే కట్టు. కూసింత వొదులుగా కట్టు."

ఆ జీపు కానింగ్ బురదలో చాలాకాలం తిరిగింది. ఇప్పుడు జీపు లేదు, మా అత్త లేదు, మా ఆయనా లేడు. మొన్న మా వాడు పాత మోటారుసైకిలు కొన్నాడు. నేను పసుపుగుడ్డ వెతికి మూట కట్టాను, ఎవరూ చూడకుండా.

ఇంతవరకు రాసి మా కోడలు కలం ఆపింది. "అత్తా, మన బండికి మూట ఎక్కడ కట్టినారు?"

"హేండిలుకేనే. నాకామాత్రం తెలవదేటి?"

కలం కింద పెట్టి, లేచి, బయటికి వెళ్లి, వంగి బండి కింద కూడా చూసి వచ్చింది. ఎంత అపనమ్మకం! నాకు మళ్లీ నిలువెల్లా కోపం వచ్చింది. ఆ పిల్ల వచ్చి కూర్చుని కలం తీసి, "సెప్పండి," అంటే, ఏం చెప్పను? నవ్వు వచ్చేసింది.