దసరా దాకా ఖాళీగా ఉండే కార్డు

బీదర్ నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు మా బాలవాడి ముందు బండి ఆపించి, మెట్టు మీద నిలబడే చెప్పాడు. "టీచరమ్మా, మీ పెద్ద టీచరమ్మ నిన్న పొద్దుమీకి పానమిడిసింది. బీదర్‌ల తమ్మునింట్లనే." అప్పటికి నా ముందు బల్ల మీద కొత్త పిల్లల కార్డులు పేర్చి ఉన్నాయి. పిల్లలు చేరిన మొదటి వారంలోనే పరీక్ష చేసి, ఎవరికి ఏం వచ్చో నింపి పంపాలని ఈ జూన్‌లో కూడా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయింది కానీ ఆ కాగితం మాత్రం మారలేదు. కలానికి మూత పెట్టి, పిల్లలను ఆయాకు అప్పగించి, తిరిగి వెళ్లే అదే బస్సు ఎక్కాను.

ఈ కమఠాణ బాలవాడిలోనే నేను ఆమెకు సహాయకురాలిగా చేరినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఊరంతటికీ ఆమె పెద్ద టీచరమ్మ, నేను చిన్న టీచరమ్మ. మెట్రిక్ పాసయ్యానన్న పొగరు నాకు కాస్త ఎక్కువే ఉండేది. ఆమె పెన్సిలును కొప్పులో గుచ్చుకుని, కొంగుకు చింతగింజలు మూటకట్టుకుని తిరిగేవారు. చిరిగిన చీరలు ఇల్లిల్లూ అడిగి తెచ్చి, మధ్యాహ్నం పిల్లలు పడుకోవడానికి బొంతలు కుట్టేవారు. కొత్త పిల్ల వస్తే పేరు కూడా అడిగేవారు కాదు. గడప దగ్గర కూర్చుంటే కూర్చోనిచ్చేవారు. తానూ ఓ పక్కన చతికిలబడి, ఎవరితో పనిలేనట్టు గింజలు ఆడుకునేవారు. ఇదేం పాఠమని నాకు విసుగొచ్చేది.

"పేరన్న అడగొద్దా అక్కా?" అన్నాను ఒకరోజు.

"ఇంకా మెహమాన్ ఉన్నది బిడ్డా. ఇంటికొచ్చిన సుట్టానికి ఇమ్తెహాన్ పెడ్తమా, పరీక్ష చేస్తమా?"

"ఎన్ని దినాలు మెహమాన్?"

"కొట్లాడేదాక. ఇది నాదని గుంజుకున్న దినం మన పిల్ల అయితది. అప్పుడు అడుగు, అన్నీ చెప్తది."

అందుకే ఆమె కార్డులు దసరా దాకా ఖాళీగా ఉండేవి. ఆఫీసు వాళ్లు ఎన్నిసార్లు గుర్తుచేసినా ఒకటే జవాబు: పిల్లలు ఇంకా కుదురుకోలేదు.

రెండో ఏడు జూన్‌లో ఆమె బంధువుల పెళ్లికని భాల్కి వెళ్లారు, రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో నేను పని చేసి చూపించాలనుకున్నాను. నెమళ్ల అంచున్న ఎర్రచీర కట్టుకుని, కుర్చీ వేయించుకుని, పిల్లలను ఒక్కొక్కరినే పిలిచాను. నీ పేరేంది? ఇది ఏం రంగు? పది దాకా లెక్కపెట్టు. ధన్నూర నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం వాళ్ల పిల్ల శంకరమ్మ చేరి మూడు రోజులే అయింది. ఐదేళ్లుంటాయి. తల దించుకుని నా ఒడివైపు చూస్తూ నిలబడింది కానీ నోరు విప్పలేదు. రెండోసారి అడిగాను, మూడోసారి గద్దించాను. "పో" అని పంపేసి, సిరాతో రాశాను: మాట్లాడదు. రంగులు, లెక్క తెలియవు. సాయంత్రం బస్సుకు కార్డుల కట్ట బీదర్ వెళ్లిపోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన తండ్రికి కూడా ఆ ముక్క చెప్పాను. అతను కోప్పడలేదు. "రానప్పుడు తోలుడెందుకు టీచరమ్మా? ఇంటికాడ చెల్లెను ఎత్తుకుంటది" అని పిల్ల చెయ్యి పట్టుకుని నడిచాడు. మర్నాడు శంకరమ్మ రాలేదు.

పెద్ద టీచరమ్మ తిరిగొచ్చి అంతా విన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. పెళ్లికి కట్టిన చీరతోనే శంకరమ్మ ఇంటికి నడిచారు, నేను వెనకాల. "దసరా దాక పిల్లను నాకియ్యి. అప్పటికి ఏం రాకుంటే నేనే తెచ్చి అప్పజెప్త" అన్నారు. తండ్రి సరేనన్నాడు.

శంకరమ్మ మళ్లీ గడప దగ్గరే కూర్చుంది. జూలై పోయింది, ఆగస్టు పోయింది. ఆ పిల్లకంటే ఎక్కువ భయం నాకే. వినాయక చవితి అయిన వారానికి ఒక పొద్దున గదిలో కేక వినిపించింది. "నా గింజలు పన్నెండుండె! మూడు గుంజుకున్నడు! తొమ్మిదే ఉన్నయ్!" చూస్తే, పక్క పిల్లాడి జుట్టు శంకరమ్మ గుప్పిట్లో ఉంది. పెద్ద టీచరమ్మ కొప్పులోంచి పెన్సిలు తీసి నా చేతికిచ్చారు. "ఇగ రాయి."

మర్నాడే ఇద్దరం బీదర్ ఆఫీసుకు వెళ్లాం. సిరాతో రాసింది కొట్టేయడం కుదరదన్నాడు గుమాస్తా.

"కొట్టేయకు సారూ. ఏ దినం చూసినమో ఆ తారీఖు ఎయ్యి. పిల్ల అచ్చి మూడు దినాలే అయిందని రాయి. నిన్నటిది దాని కింద రాయి. సదివెటోళ్లకు అదే సమజైతది" అన్నారామె. నా చేతనే రాయించారు. నా తప్పు ఆ కార్డు మీద అలాగే ఉండిపోయింది. తరువాతి జూన్‌లో శంకరమ్మ ఒకటో తరగతిలో కూర్చుంది.

మొన్న పదకొండో రోజున తమ్ముడిగారింటికి శంకరమ్మ వచ్చింది. చంకలో పిల్లాడు. పెద్ద టీచరమ్మ ఫోటో ముందు ఇన్ని చింతగింజలు పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది. ఇన్నేళ్లూ చెప్పనిది అప్పుడు చెప్పాను, ఆ కార్డు మొదటి వరుసలో నేనేం రాశానో. క్షమించమని కూడా అడిగాను.

శంకరమ్మ నవ్వింది. "గా దినం నాకు యాదికుంది. ఎర్రచీర కట్టుకున్నవు. అంచుకు నెమళ్లుండె. నేను అవి లెక్కపెడుతున్న. నువ్వు నడుమ నడుమ అడిగితే తప్పిపోయి, మళ్ల మొదటికెళ్లి షురూ చేసిన. తొమ్మిది దాక అయినయ్, నువ్వు పో అన్నవు."

నేను పిల్లాణ్ని నా ఒళ్లోకి తీసుకున్నాను.

ఆ చీర చిరిగాక పెద్ద టీచరమ్మే అడిగి తీసుకున్నారు. దాని అంచు ఇప్పుడు బాలవాడిలో ఒక బొంతకు చుట్టూ ఉంది. నిన్న మధ్యాహ్నం పిల్లలంతా పడుకున్నారు. చేరి పది రోజులైనా ఇంకా నోరు విప్పని కొత్త పిల్ల ఒకతి ఆ బొంత కొసన కూర్చుని, అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరుపుతోంది. ఖాళీ కార్డులు పెట్టెలో ఉన్నాయి. నేను గడప దగ్గర చతికిలబడి, గింజలు ముందేసుకుని, ఆ పిల్లవైపు చూడకుండా కూర్చున్నాను.