అర గ్రాము దారం

అరవైలలో ఒక వేసవిలో మాకు పోయినవి ఇవి: ధర్మవరంలో ఒక మగ్గం, అది ఉన్న అద్దె ఇల్లు, అక్క చేతి గాజులు, మా బావ. వీటిలో దయ్యం ఎత్తుకుపోయింది ఒక్కటీ లేదు. తూచలేనిదాన్ని నేను ఏనాడూ నమ్మలేదు.

బావ నేతగాడు. వానాకాలంలో సావుకారు రెండు కిలోల పట్టుదారం తూచి ఇచ్చాడు. ఎండాకాలంలో జరీ లెక్క తీసేసి చీరలూ, మిగిలిన దారమూ కలిపి తూస్తే నూట ముప్పై గ్రాములు తగ్గింది.

“పురుగు ఆకు తింటాది. పట్టు తినేవాణ్ణి ఇప్పుడే చూస్తాండా!” అన్నాడు సావుకారు పదిమందిలో. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ బావకు దారం ఇవ్వలేదు.

నేను హిందూపురంలో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో గాజుసామాను కడుగుతూ, చూసి చూసి తేమ కొలవడం నేర్చుకున్నాను. అయోడిన్ కలిసిన ద్రావకాన్ని బ్యూరెట్‌తో, అంటే యాభై మిల్లీలీటర్లు పట్టే గీతల గాజుగొట్టంతో, చుక్కచుక్కగా వదలాలి. నీళ్లున్నంతసేపూ దాని రంగు మాయమవుతుంది. నీళ్లు అయిపోగానే గోధుమరంగు నిలుస్తుంది. ఒక మిల్లీలీటరు ఐదు మిల్లీగ్రాముల నీటికి సరి.

“పోయింది దారం కాదు బావా, తేమ.”

“తేమ యాడ కనపడతాదబ్బా? నువ్వు చూపిస్తే బజారులో తలెత్తుకుంటా.”

కొలిచి చూపిస్తే నమ్ముతానని సావుకారు ఒప్పుకున్నాడు. రెండుసార్లు కొలవాలి, రెండూ కలవాలి అన్నాడు. మా ప్రయోగశాల నియమమూ అదే.

అతని చెమ్మ గోదాములో మిగిలిన అదే దారం రెండుసార్లూ నూటికి పదిహేను తేమ చూపింది. బావ, తూచాక మళ్లీ మగ్గానికి ఎక్కించిన దారం ఒక గ్రాము కత్తిరించి, సీసాలో బిరడా బిగించి ఇచ్చాడు. ఉదయం అందులో అర గ్రాము కొలిచాను. తొమ్మిది మిల్లీలీటర్లు. అంటే నూటికి తొమ్మిది. లెక్క ప్రకారం నూట ముప్పై రెండు గ్రాములు తగ్గాలి. తగ్గింది నూట ముప్పై!

మధ్యాహ్నం మూడు దాటాక మిగిలిన అర గ్రాము తీసుకున్నాను. తొమ్మిది దగ్గర రంగు నిలవలేదు. యాభై దగ్గరా నిలవలేదు. బ్యూరెట్ రెండుసార్లు ఖాళీ అయింది. మూడోసారి నింపాక, మొత్తం నూట ఇరవై ఎనిమిది దగ్గర నిలిచింది. ద్రావకం బలం మళ్లీ చూశాను, అదే ఐదు. బిరడా బాగానే ఉంది.

సాయంత్రం పెనుకొండ నుంచి మనిషి వచ్చాడు. అక్కడ ఎవరైనా దారం ఇస్తారేమోనని వెళ్లిన బావ బావిలో శవమై తేలాడు. మూడు గంటల గూడ్సు పోయాక నీళ్ల చప్పుడు వినపడిందని ఒక గొర్రెలకాపరి చెప్పాడు. కాలు జారిందో ఏమో, చూసినవాళ్లు లేరు.

“ఆ రెండోది చెప్పకుంటే ఏం పోతాదిరా?” అంది అక్క.

చెప్పకుండా ఉండలేకపోయాను. సావుకారు కాగితం చూసి తిరిగి ఇచ్చేశాడు. “దారం కంటే నీళ్లే ఎక్కువున్నాయా? పోప్పా!” మగ్గం మీది దారమంతా కోయించుకుని పోయాడు. మూడోసారి కొలవడానికి ఒక్క పోగు మిగల్లేదు. బావ దొంగగానే మిగిలిపోయాడు.

ఐదు వందల మిల్లీగ్రాముల దారం ఆరు వందల నలభై మిల్లీగ్రాముల నీళ్లు ఇచ్చింది. పోనీ, దారమంతా నీళ్లే అనుకుంటాను. అప్పటికీ నాకు నూట నలభై మిల్లీగ్రాముల లెక్క తేలాలి.