ఎడ్విన్ ఫ్లెట్ నాలుగింటి పడవ

ఎడ్విన్ ఫ్లెట్ జన్మలో నిజం చెప్పని విషయం ఒక్కటే: పడవ వేళ. మా దీవి నుంచి తిరుగు పడవ ఐదింటికి. ఆయన నోట మాత్రం ఎప్పుడూ నాలుగింటికే.

కొండమీది రాతి సమాధి తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నపు పడవలో దిగినవాళ్లు మోకాళ్లమీద పాక్కుంటూ లోపలికి వెళ్లి, టార్చి వేసి, రాళ్లమీద గీతలు చూసి అబ్బురపడేలోపే బయటినుంచి కేక.

"రండి, రండి! లోపలున్నవాళ్లు ఐదువేల ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు, ఎక్కడికీ పారిపోరు. పడవే పారిపోతుంది!"

జనం పడుతూ లేస్తూ రేవుకి పరుగు. ఒకాయన ఒంటి బూటుతో వచ్చాడు. ఓసారి మా పాస్టరుగారి అత్తగారే పరిగెత్తింది. ఆవిడ ఊపు చూసి గొర్రెలు దారిచ్చాయి. తీరా చూస్తే రేవులో పడవ లేదు, ఈదురుగాలి ఉంది. పాపం, గంటసేపు నా టీకొట్లో దూరేవారు.

నేను వేడి స్కోన్ రొట్టెలు వడ్డిస్తూ ఆయన్ని ఆడిపోసుకునేదాన్ని. "ముసలాయనకి గడియారం చూడటం రాదండీ!" అందరూ నవ్వేవారు. చెవినపడ్డా ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయేవాడు.

పోయిన వేసవిలో నా తెలివి ముదిరి రేవులో బోర్డు పెట్టాను: "పడవ ఐదింటికి. ఎడ్విన్ మాట నమ్మకండి."

వారం తిరిగేసరికి కొట్టు బోసిపోయింది. ఇలాగైతే కొట్టు మూసి, దీవి వదిలి అక్క పంచన చేరాల్సిందే. ఏడుపు మొహంతో కొండెక్కాను.

"ఈ ఏడు జనం తగ్గారేం బాబాయ్?"

"ఎక్కడ తగ్గారే? నిన్న ఇరవైమంది."

"మరి నా కొట్టుకి ఒక్కరూ రారేం?"

ఆయన తాళంచెవి కేసి చూస్తూ గొణిగాడు. "ఐదింటికని తెలిస్తే ఐదుదాకా ఇక్కడే ఉండి తిన్నగా పడవెక్కుతారు. నీ కొట్లో ఎందుకు కూర్చుంటారే, మెరాన్?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన గడియారం చెడింది పదకొండేళ్ల కిందట, మా ఆయన సముద్రంలో పోయి నేను కొట్టు తెరిచిన వేసవిలోనే. ఇన్నేళ్లూ ఆ మనిషి నాకోసం వెర్రివాడనిపించుకుంటే, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు బోర్డు తుడిచి కొత్తగా రాశాను: "పడవ నాలుగింటికి."

నాలుగూ పదికి కొట్టు కిటకిటలాడుతుంటే ఎడ్విన్ రొప్పుతూ వచ్చి నా చెవిలో బుసకొట్టాడు. "ఏదో నోటిమాటగా అంటే సరే, బోర్డుమీద రాసి మరీ అబద్ధమా? సిగ్గులేదుటే నీకు?"

"బోలెడుంది బాబాయ్, అందుకే రాశాను. కూర్చుని టీ తాగు. నాలుగింటి పడవకి ఇంకా యాభై నిమిషాలున్నాయి."