పైకి లేచే బంతి

కోగిల చెయ్యి భుజం దగ్గర్నుంచి గిర్రున ఒక పూర్తి సున్నా చుడుతుంది. తొడ పక్కన మణికట్టు చిన్నగా విదిలిస్తుంది. మోకాలి ఎత్తున బయల్దేరిన బంతి బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి ఛాతీ దాటిపోతుంది. బంతి నిజంగా పైకి లేవదు, లేచినట్టు కనిపిస్తుందంతే అని భౌతికశాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. సరే. వాళ్ళ చేతికొక బ్యాట్ ఇచ్చి ఆమె ఎదురుగా నిలబెట్టాలి. వల వెనక, భద్రంగా నిలబడి కూడా నేను తల వెనక్కి లాక్కున్నాను.

ఆమెది మలేసియాలోని తెలుక్ ఇంటాన్. ఆడేది సాఫ్ట్‌బాల్, అంటే బేస్‌బాల్ లాంటిదే, కాకపోతే బంతి కింది నుంచి విసరాలి. “పామాయిల్ ఎస్టేటులో గెలలు కోసిన ముత్తాతల బలం ఆ చేతిలో ఉంది” అని అక్కడి తెలుగు సంఘం సభలో ఒక పెద్దమనిషి శాలువా కప్పుతూ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముత్తాతలు బంతి మొహం చూడలేదు. ఆ చేతిని ఆమె ఇపో నగరంలో టీచర్ ట్రైనింగ్ చదువుతూ, కాలేజీ గోడకేసి బంతి కొట్టి కొట్టి తయారుచేసుకుంది.

వంశం నుంచి వచ్చినదల్లా ఒక్కటే, అదీ అడ్డమే అయింది. బంతి విసిరే ముందు పిచ్చర్ పాదం నేలలో దిగేసిన ఒక తెల్ల రబ్బరు పలక మీద ఉండాలి. కోగిల ప్రతిసారీ దాన్ని దాటి అవతల కాలేసేది. అంపైర్ చెయ్యెత్తేవాడు, బంతి చెల్లేది కాదు. ఎందుకలా అని కోచ్ నోరైనీ తల పట్టుకుంది. కోగిలకీ తెలీదు. ఓ రోజు ఆ పలక వంకే చూస్తూ కూర్చుంటే తట్టింది: ఇంట్లో అమ్మమ్మ అప్పలమ్మ శుక్రవారం శుక్రవారం పసుపు రాసే గడప. దాన్ని తొక్కకూడదని పాదానికి నడక రాకముందే నేర్పేశారు.

ఫోన్ చేసింది. అక్కడివాళ్ళ తెలుగులో మాట చివర మలై “లా” ఒకటి తగులుకుంటుంది.

“అమ్మమ్మా, అక్కడొక పలకుంటాది. తొక్కాల. గడపలాగుంటాది, కాలు రాదు లా.”

“ఆ పలకకి పసుపెవులైనా రాసినారేటి?”

“లేదు.”

“బొట్టెట్టినారా?”

“లేదు లా, అమ్మమ్మా!”

“మరది గడపేటే, పిచ్చిమొకమా? రబ్బరుముక్క. తొక్కు. నా గడప తొక్కినావంటే మాత్రం కాలిరగ్గొడతాను.”

దీన్ని మన సంస్కృతి గొప్పతనం కింద రాసుకునేవాళ్ళు రాసుకోవచ్చు. అప్పలమ్మ మాత్రం అడ్డు తీసేసి ఫోన్ పెట్టేసింది.

తర్వాత పేరాక్ రాష్ట్రం జట్టు, ఆ తర్వాత దేశం జట్టు, అక్కడి నుంచి జపాన్. ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్‌కి జీతాలిచ్చే లీగ్ అక్కడుంది. ఒక బ్యాటరీల కంపెనీ జట్టు ఆమెని తీసుకుంది, కానీ మ్యాచ్‌లకి కాదు. సొంత జట్టు బ్యాటర్లు సాధన చేసుకోవడానికి బంతులు వేసిపెట్టాలి, వాళ్ళు కొట్టేలా, చక్కగా, నడుం ఎత్తున. రెండు సీజన్లు అదే పని. రెండో సీజన్ చివర్లో మేనేజర్ మియాషిటా తేల్చి చెప్పాడు: ఈ ఏడు ఒక్క మ్యాచ్‌లోనైనా ఆమె పనికొస్తే ఉంచుకుంటారు, లేదంటే ఇంటికి.

అవకాశం ఆఖరి వారంలో వచ్చింది. గౌరవంగా ఏమీ రాలేదు. జట్టు చిత్తుగా ఓడిపోతోంది, మంచి పిచ్చర్లని అలసిపోనివ్వడం దండగ, అందుకని కోగిలని పంపారు. మొదటి బంతి నడుం ఎత్తున, ముచ్చటగా వెళ్ళింది. బ్యాటర్ దాన్ని కంచె అవతలికి కొట్టింది.

బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్ ఫుకుదా, జట్టులో అందరికన్నా పెద్దావిడ, ముసుగు పైకి తోసి నడిచొచ్చింది.

“నువ్వింకా మాకే వేస్తున్నావు. వాళ్ళు మనవాళ్ళు కాదు.”

అంతే చెప్పి వెళ్ళిపోయింది. కోగిల చెయ్యి మళ్ళీ సున్నా చుట్టింది. మోకాలి ఎత్తున బయల్దేరిన బంతి మీదకి బ్యాట్ దూసుకొచ్చింది. బంతి అక్కడ లేదు. రెండు సీజన్లు మర్యాదగా అణచిపెట్టిందంతా ఆ బంతిలో లేచింది. తర్వాత వచ్చిన ముగ్గురు బ్యాటర్లూ గాలినే కొట్టారు. మూడో ఆమె వెళ్ళబోతూ ఆగి, తన బ్యాట్‌ని తిప్పి చూసుకుంది.

ఆ సాయంత్రం ఫోన్‌లో అప్పలమ్మ అడిగింది: “గెలిసినారేటే?”

“ఓడిపోయినాం.”

“మరా నవ్వేటి?”

“ఒకర్తి కొట్టింది. తరవాత నా బంతి ఎవులూ ముట్టుకోలేదు అమ్మమ్మా.”

“ముట్టుకోలేదా? అంత మురికి బంతేటే?”

మర్నాడు పొద్దున కోగిల అలవాటుగా బంతుల బుట్ట ఎత్తుకుని సాధన వల దగ్గరికి వెళ్ళింది. అక్కడ వేరే అమ్మాయి నిలబడి ఉంది. కోగిల బుట్టతోనే అయోమయంగా ఆగిపోయింది. మియాషిటా వచ్చి బుట్ట అందుకుని ఆ అమ్మాయి పక్కన పెట్టాడు. మైదానం అవతలి మూలకి, మ్యాచ్ పిచ్చర్లు చేతులు వేడెక్కించుకునే చోటుకి, గడ్డంతో చూపించాడు. ఫుకుదా అప్పటికే అక్కడ ముసుగు దించుకుని, మోకాళ్ళు వంచి కూర్చుని ఉంది.