పోలరాజు పిడికిలి

ఆ రోజు వేదిక మీద పోలరాజు పిడికిలి అలవాటు కొద్దీ లేచిందా, ఆయనే ఎత్తాడా? ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

కొల్లేటి ఒడ్డు నుంచి పద్దెనిమిదేళ్లకు బెజవాడ వచ్చి చేపల బుట్ట నెత్తికెత్తుకున్న మనిషి. ఆ ఏడే ఎర్రజెండా పట్టాడు. గుడికి వెళ్లిందని సొంత భార్యనే సంఘం మీటింగులో విమర్శించాడట. ఇరవై ఏడేళ్ల తరువాత ఒక పొద్దున్న నిలువు బొట్టు పెట్టుకుని కాషాయ కండువా కప్పించుకున్నాడు. మూడేళ్లకు అలిగి ఎర్రజెండాకు తిరిగొచ్చాడు. తరువాత మళ్లీ కాషాయం. ఎటు వెళ్లినా చివరంటా వెళ్లడమే. మధ్యలో ఆగడం ఆయనకు చేతకాదు.

గవర్నర్‌పేటలో కాశిం జెండాలు కుడతాడు. పేపరు చదవడానికి రోజూ ఆ దుకాణంలోనే కూర్చుంటాను. చేపలమ్ముకుని వస్తూ పోలరాజు, ఆయన భార్య కాసేపు అక్కడ ఆగేవాళ్లు.

"పోలరాజు గారూ, ఈ నెల ఏ రంగండీ? గుడ్డ తెప్పించాలి," అనేవాడు కాశిం.

"నేనెక్కడ మారానయ్యా? పార్టీలే మారాయి."

"అవునవును," అనేది ఆయన భార్య దానమ్మ, బుట్ట దించుతూ. "మా ఇంట్లో మారంది చేపల వాసనొక్కటే."

ఏ జెండా కింద ఉన్నా ఆయన అడిగింది ఒకటే: చేపల మార్కెట్‌కు నీళ్ల పంపు. కార్పొరేటర్ అయితే తనే వేయిస్తానని నలభై ఏళ్ల ఆశ. మొన్నటి ఎన్నికలకు కాషాయం వాళ్లు టికెట్ ఇస్తామన్నారు. పరిచయ సభలో పంపు గురించి ఎంతో బాగా మాట్లాడాడు. చివర్లో కుడి పిడికిలి పైకి లేచింది.

"లాల్ సలాం!"

వేదిక బిగుసుకుపోయింది. వెనక వరసలో చేపలమ్మే ఆడవాళ్లు మాత్రం పాత అలవాటుగా పిడికిళ్లెత్తి "లాల్ సలాం!" అన్నారు.

సాయంత్రానికి టికెట్ ఇంకొకరికి వెళ్లిపోయింది.

మర్నాడు మొగుడూ పెళ్లాం ఎప్పటిలాగే దుకాణానికి వచ్చారు.

"చెయ్యి ఎందుకు లేచిందండీ?" అన్నాడు కాశిం.

"దాన్నే అడుగు," అని పోలరాజు అరచెయ్యి చాపాడు.

"పెళ్లాం మాటే విననోడు, ఆయన చెయ్యి ఆయన మాట వింటదా?" అంది దానమ్మ. ముగ్గురూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

నవ్వు ఆగాక నిజం అడుగుదామని పేపరు మడిచాను. అప్పటికే పోలరాజు దానమ్మ బుట్టను తన నెత్తికెత్తుకున్నాడు. బుట్ట సర్దుకుంటూ రోడ్డెక్కాడు. ఆటోల మధ్య బుట్ట ఒక్కటే కనిపిస్తూ పోయింది.